బాణం మీద పసుపు

మాల్యాద్రి అని, మా అన్న పెంచలయ్య పెద్దకొడుకు. వాడి తెలివి గురించి చెప్పాలంటే పంతొమ్మిదివందల ఎనభై ఏడు, ఏప్రిల్ పద్నాలుగు, మంగళవారం దగ్గర మొదలెట్టాలి. పొద్దున్నే వడగాలి లేచింది, కాకులు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. ముందురోజే కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు దించి కొత్తది ఎక్కించారు. అందులో ఏముందనుకో, ఇనప దిమ్మకి రెండు తీగచుట్లు. ఒకదాన్నొకటి తాకవు, అయినా ఒకదాంట్లో కరెంటు అటూ ఇటూ ఊగితే రెండోదాంట్లోనూ పుడుద్ది. తక్కువ చుట్లున్న వైపు, మన మోటారు తట్టుకునేంతగా దిగుద్ది. అంతే. మావాళ్లు దానికి పసుపు రాసి, గుమ్మడికాయ కట్టి, కోడిని కోశారు. "పాతదానికీ కోశారుగా, కాలిపోయిందేం రా?" అంటే, "ఆ కోడి బక్కది బాబాయ్" అన్నాడు మాల్యాద్రి.

సరే, ఏమైందంటే, మా అన్న బావి మీది మోటారు వేస్తే గుయ్యిమంటది, నీళ్లు మాత్రం చిటికెనవేలంత. బావిలో చూస్తే నీళ్లు మెట్లదాకా ఉన్నాయి! ఆ ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నిటిదీ అదే వరస. మాల్యాద్రి పోయి, వేపపుల్ల పట్టుకుని జల చూసేవాణ్ణి తెచ్చాడు. వాడు బావి చుట్టూ మూడుసార్లు తిరిగి, గంగ అలిగింది, ఈ నీళ్లకి పైకొచ్చే ఇష్టం లేదు, వేరేచోట బోరు వెయ్యండి అన్నాడు. నీళ్లకి ఇష్టమంట! "బత్తాయి తోట ఎట్టాగూ ఎండిపోద్ది నాయనా, అది అమ్మి బోరు వేద్దాం" అన్నాడు మాల్యాద్రి. ఆ తోట మా అన్న చిన్నకొడుకు చచ్చిపోకముందు నాటింది. వాడి పెళ్లాం రవణమ్మకి అదే కూడు. మా అన్న తలకాయ ఊపాడు.

అప్పుడొచ్చింది రవణమ్మ. వాళ్ల నాన్న పొదిల్లో మోటార్లకి తీగ చుట్టేవాడు, కాలిన మోటార్ల మధ్యే పెరిగిన పిల్ల. "బావా, ఒకసారి ఆపు" అంది. ఆపాడు. మోటారు వెనకున్న ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. "అది వెనక్కి తిరుగుతోంది బావా."

"కరెంటుకి ముందేంది, ఎనకేంది? గానుగెద్దా అది?"

"మూడు తీగల్లో కరెంటు ఒకదాని తర్వాత ఒకదాంట్లో పొంగుద్ది. ఆ వరసనే మోటారు తిరుగుద్ది. ట్రాన్స్‌ఫార్మరు మార్చేటప్పుడు రెండు తీగలు అటూ ఇటూ అయితే తిరుగుడు మారుద్ది. ఎటు తిరగాలో దీని మీద బాణం గుర్తు ఉంటది."

"ఏదీ, చూపించు! ఎక్కడుంది?"

ఎక్కడుంటది? ఏడేళ్లు దసరాకి పసుపు మీద పసుపు, బొట్టు మీద బొట్టు. రవణమ్మ కొడవలి మొనతో గీకింది. పెచ్చు ఊడింది. కింద బాణం. ఫ్యాను తిరిగిందానికి ఎదురుగా!

"అమ్మవారి బొట్టు చెరిపిందిరా" అని అరుస్తూనే ఉన్నాడు జల చూసేవాడు. రవణమ్మ మెయిను దింపి, ఫీజులు పీకి, రెండు తీగలు మార్చి, మళ్లీ వేసింది. నీళ్లు ఎగిరి వాడి పంచె మీదే పడ్డాయి. గంగ అలక తీరిందన్నాడు, సిగ్గులేనోడు.

మా అన్న మరుసటేడు పోయాడు. పోయేముందు రాయించాడు: బావీ, మోటారూ, బత్తాయి తోటా రవణమ్మకి. మాల్యాద్రికి మెట్టచేను. దానికి తడి కావాలంటే మరదల్ని అడగాల. జల చూసేవాడికి ట్రాన్స్‌ఫార్మరుకి కోసిన కోడి కాలు ఆ రోజే ముట్టింది. నాకంటారా? ఆ మూడు తీగల సంగతి బీఎస్సీలో పేజీన్నర రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ రోజు బావిగట్టు మీద జల చూసేవాడికి గొడుగు పట్టుకుని నిలబడ్డా. నాకేమీ రాలా.