ఏడుపుకి పెట్టిన పేరు

ఎనభై ఒకటో సంవత్సరం, రోహిణి కార్తె ఎండలు. గురవమ్మ మా రాళ్లపల్లెలోనే ఉండేది, రాళ్లు కొట్టే అంకయ్య పెళ్లాం. ఆమె శోకం తీస్తే పగోడు కూడా కండువా కళ్లకడ్డం పెట్టుకునేవాడు. ఎవరింట్లో మనిషి పోయినా తలకాడ ఆమే కూచునేది. పోయినోడు ఏ కూర ఇష్టంగా తినేవాడో, ఏ ఎద్దుని ఏమని పిలిచేవాడో అన్నీ ఆ ఏడుపులో వచ్చేసేయి. దానికి ఇచ్చేది, పుచ్చుకునేది ఏమీ లేదు. ఇయ్యాల నా ఇంట నువ్వేడిస్తే రేపు నీ ఇంట నేనేడుస్తా, అంతే మా పల్లెలో లెక్క. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుద్ది.

ఏమైందంటే, ఆ ఏడు పంచాయతీ ఎలక్షన్లు వచ్చినాయి. ఒకపక్క పాత సర్పంచి పిచ్చయ్య, గొడుగు గుర్తు. ఇంకోపక్క వీరరాఘవులు, నిచ్చెన గుర్తు. పెద్దూళ్లో సగం ఇటు, సగం అటు తేలిపోయారంట. తేలంది మా పల్లె ఒక్కటే. గొడుగోళ్లొస్తే సరే అనేవాళ్లం, నిచ్చెనోళ్లొస్తే సరే అనేవాళ్లం. అప్పుడు వీరరాఘవులు టౌను నుంచి సాంబశివుడనే మనిషిని దింపాడు, మాటలు అల్లడంలో మొనగాడంట. వాడు రంగు కాయితాల మీద కరపత్రాలేసి పంచితే మా ఆడోళ్లు వాటితో కారం పొట్లాలు కట్టుకున్నారు. చదివేదెవరు? నేను రాత్రిబడికి పోయి అక్షరాలు కూడబలుక్కున్నది ఆ తరవాతి మాట. మైకు కట్టించి అరిపిస్తే పిల్లకాయలు మైకు వెనకాల పరిగెత్తారు గానీ ఓట్లు పరిగెత్తలా.

ఇక వాడు గురవమ్మ గుమ్మంలోకొచ్చి కూచున్నాడు. లోపల అంకయ్య దగ్గుతా ఉన్నాడు. రాతిపిండి ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషి పుల్లయిపోయాడనుకోండి. "అక్కా, రాఘవులు గెలిస్తే బావని పెద్దాసుపత్రిలో చేర్పిస్తానన్నాడు. మీవాళ్లు ఏం చెబితే కదులుతారో నువ్వే చెప్పు" అన్నాడంట. ఆమె లోపలికి పోయి అంకయ్యకి నీళ్లు తాపి వచ్చిందంట. తరవాత, "రోడ్డేస్తాం, బావి తవ్విస్తాం అంటే మావోళ్లు కదలరయ్యా. అవి వినీ వినీ చెవులు తూట్లు పడినాయి. ఎటూ తేల్చుకోనోడు నువ్వు ఇచ్చేదాన్ని వినడు, వాడికి పోయినదాన్ని వింటాడు" అందంట.

అంతకుముందు వానాకాలంలో నాగమ్మ కూతురు చిట్టెమ్మ పురిటి నొప్పులతో వాగు దాటతా బండిలోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా. బండి పిచ్చయ్యదే, తోలిందీ పిచ్చయ్యే. సాంబశివుడు వచ్చి అడిగిన నాడే గురవమ్మ పొద్దు గూకే వేళ నడివీధిలో కూచుని ఆ శోకం మళ్లీ ఎత్తుకుంది, వాగు మీద వంతెనుంటే నా తల్లి బతికేది కదే అని. అందరూ ఏడిచారు. ఏడిచి, ముక్కులు చీదుకుని, "ఏం చేస్తాం, వాగు అట్టాటిది" అని లేచిపోయారు. సాంబశివుడు తల పట్టుకున్నాడు. "ఏడుపు బాగుందక్కా. దానికో పేరు కావాలి. వాగు మీద కోపమొస్తే ఓటెవరికేస్తారు?" అన్నాడంట.

వింటున్నారా, ఇక్కడుంది కథ. చిట్టెమ్మ పోయిన రోజు, శవం పక్కన, నాగమ్మ గురవమ్మ చెవిలో ఒక మాట చెప్పింది. నొప్పులు రాత్రే మొదలైనాయక్కా, ఇంట్లోనే అయిపోద్దిలే అని తెల్లారిందాకా ఆగింది నేనే, తెల్లారి అడగ్గానే పిచ్చయ్య ఎద్దుల్ని కట్టాడు, నా బిడ్డని నేనే చంపుకున్నా అని. ఆ మాట గురవమ్మకి తప్ప ఇంకెవరికీ తెలవదు. సాంబశివుడు పేరు కావాలన్న మర్నాడు శోకంలో గురవమ్మ ఏం పెట్టిందనుకున్నారు? "రాత్రే బండి అడిగితే, తెల్లారి రమ్మన్నాడే తల్లీ! గొడుగు కింద పిచ్చయ్య నిదరపోయాడే తల్లీ!" అని. అంతే, పల్లె భగ్గుమంది.

పిచ్చయ్య తెలిసి పరిగెత్తుకొచ్చాడు. "నాగమ్మా, నువ్వే చెప్పు తల్లీ, నన్నెప్పుడడిగావు?" అన్నాడు, అందరి ముందరా. నాగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చెబితే, ఆలస్యం తనదేనని పల్లె ముందు ఒప్పుకోవాలి కదా. చెప్పలా. ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. గురవమ్మ నేల చూసింది. నోరున్న ప్రతివాడూ పిచ్చయ్యని తిట్టాడు, నోరు లేనోడు ఉమ్మేశాడు.

నిచ్చెన గెలిచింది. వీరరాఘవులు ఆ మాట తప్పలేదు, అదీ చెప్పాలి, అంకయ్యని ఆసుపత్రిలో చేర్పించాడు. కానీ ఓట్లయిన వారానికి బావి కాడ నాగమ్మ వచ్చి గురవమ్మకి అడ్డంగా నిలబడింది. "ఆ రోజు నా బిడ్డ కోసం ఏడిచావనుకున్నా గదే గురవక్కా! ఆ ఏడుపు దాచిపెట్టి ఓట్లకి వాడావా?" అని, దాచిన మాట మొత్తం నలుగురి ముందరా కక్కేసింది. "పిచ్చయ్య అడిగిన రోజు నోరు తెరవలేదు, అది నా పాపం. ఇప్పుడు తెరుస్తున్నా" అంది. ఆడోళ్లు కడవలు కిందికి దించారు. గురవమ్మ, "మా ఆయన ఊపిరి కోసం..." అని ఆగిపోయి, ఒట్టి కడవతో ఇంటికి పోయింది. మేం మొగాళ్లం పిచ్చయ్య వాకిట్లోకి పోయాం. ఆయన తిట్టలేదు. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి పోండి అన్నాడు. తిట్టినా బాగుండేది. తలెత్తి ఆ మజ్జిగ తాగినోడు లేడు.

చలికాలంలో అంకయ్య పోయాడు. పల్లె అంతా వచ్చింది, రాకుండా ఎట్టుంటారు? నీళ్లు కాచారు, పాడె కట్టారు, నాగమ్మే వచ్చి పసుపు నూరింది. అన్నీ చేశారు, నోరు మాత్రం ఎవరూ తెరవలేదు. కక్షతో కాదు. చిట్టెమ్మ ఏడుపు ఎక్కడిదాకా పోయిందో చూశాక, గట్టిగా ఏడవాలంటేనే సిగ్గేసింది. గురవమ్మ తనే ఎత్తుకోబోయింది. "ఓ నా అంకయ్యో" అంది. అందరూ ఆమె మొహం వంక చూశారు. గొంతు అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు కూడా ఎలక్షన్లొస్తే ఎవరే మాట చెప్పినా మావాళ్లు కూచుని వింటారు, మైకు ముందర ఎవడైనా కళ్లు తుడుచుకుంటే మాత్రం లేచిపోతారు. తెలివొచ్చిందంటారేమో, వచ్చింది తెలివి కాదులే. మా పల్లెలో ఏడుపు లేకుండా లేచిన శవం అంకయ్యది ఒక్కటే.