వాండా పేరిట వచ్చిన కవరు

సీసాల ఫ్యాక్టరీ యూనియన్ హాలు, వెనకగది. అధ్యక్షుడి ఎన్నికకు పోస్టులో వచ్చిన ఓట్ల లెక్క ముగిసింది. విప్పని కవరు ఒక్కటే మిగిలింది. బల్లకు అటుపక్క ఎన్నికల అధికారి, ముసలి ఆర్విల్. ఇటుపక్క ప్యాకింగ్ లైన్లో పనిచేసే వాండా, ఇప్పటి అధ్యక్షుడు డ్వైట్ మీద పోటీ చేస్తున్న ఆమె భర్త ఎమిల్.

"కళ్ళజోడు పెట్టుకుని చూడమ్మా వాండా. తొందరేం లేదు."

"కళ్ళజోడెందుకు ఆర్విల్, కనిపిస్తూనే ఉందిగా. కవరు. దాని వెనకాల నా పేరు."

"పేరు సంగతి కాదు, సంతకం. యూనియన్ కార్డు మీద నీ సంతకానికీ దీనికీ పొంతన లేదని డ్వైట్ మనుషులు అడ్డం పడ్డారు. అందుకని పక్కన పెట్టాను. మామూలుగా అయితే ఒక్క ఓటే కదా అని వదిలేసేవాణ్ణి."

"మరి వదిలెయ్యకపోయారా? పనిలో ఉన్నదాన్ని పిలిపించారు. చేతులు కూడా కడుక్కోలేదు, అట్ట దుమ్ముతోనే వచ్చాను."

"ఎలా వదిలెయ్యను? మీ ఆయనకెన్నొచ్చాయో డ్వైట్‌కీ అన్నే వచ్చాయి. ఇక తేల్చాల్సింది ఇదే."

"ఆమెదే, ఆర్విల్. వంటింట్లో బల్ల దగ్గర కూచుని రాసింది. నేను చూశాను. విప్పెయ్యి."

"నిన్నడగలేదు ఎమిల్."

"మొగుణ్ణి, నాకు తెలీదా..."

"ఈ హాల్లో మొగుళ్ళూ పెళ్ళాలూ ఉండరు. బ్రదర్ ఎమిల్, సిస్టర్ వాండా, అంతే. పైగా నువ్వు పోటీలో ఉన్నవాడివి. గోడ దగ్గర కుర్చీ ఉంది, వెళ్ళి కూచో. చెప్పు సిస్టర్. నీదేనా?"

"కాఫీ ఉందా?"

"ఉంది. పొద్దుటిది. చల్లారిపోయింది."

"ఫరవాలేదు, ఇవ్వండి."

"ఇవ్వకు ఆర్విల్. చల్లారిన కాఫీ తనకి పడదు, కడుపులో మంట."

"చూశారా. నా కడుపు సంగతి కూడా ఈయనే చెప్తాడు. పోయినేడు నడుంనొప్పని డాక్టరు దగ్గరికెళ్ళాం. ఎక్కడమ్మా నొప్పి అని డాక్టరు నన్నడిగాడు. ఎడమపక్కండీ అని ఈయన చెప్పాడు. నొప్పి కుడిపక్క."

"వాండా, ఇంటి సంగతులు ఇక్కడెందుకు?"

"ఇది ఇంట్లోంచి వచ్చిన కవరే కదా. నిన్నో మాట అడుగుతాను ఎమిల్. ఓటు కవర్లు వచ్చాయా, వచ్చాయా అని నిన్ను రోజూ అడిగాను. ఏం చెప్పావు?"

"ఏమో. ఏదో చెప్పుంటాను."

"ఏదో కాదు. ఇంకా రాలేదు, పోస్టువాళ్ళు ఆలస్యం చేస్తున్నారు అన్నావు. పక్కింటివాళ్ళకి వచ్చాయే అంటే, మన వీధికి సగమే పంచారు అన్నావు."

"ఆగాగు. ఇందాక వంటింట్లో కూచుని రాసింది, నేను చూశానన్నావు కదా, బ్రదర్?"

"నన్నడగలేదన్నావుగా ఆర్విల్."

"ఇప్పుడడుగుతున్నాను. మాట్లాడు."

"ఆర్విల్, నీకు పుణ్యం ఉంటుంది, ఒక్క నిమిషం మమ్మల్నిద్దర్నీ వదిలెయ్యి. అలా బయటికెళ్ళి రా."

"ఈ కవరు వదిలి నేనెక్కడికీ కదలను. డ్వైట్ మనుషులు తలుపవతల చెవులు రిక్కించుకుని ఉన్నారు. కావాలంటే మెల్లిగా మాట్లాడుకోండి. నా ఎడం చెవి గాజు కరిగించే బట్టీ దగ్గర పనిచేసినప్పుడే పోయింది. ఆ చెవి మీవైపు పెడతాను."

"వాండా, నా మాట విను. అవునను. ఒక్క మాట, చాలు."

"ఏమిటి అవునని?"

"డ్వైట్ సంగతి నీకు తెలీదా? కంపెనీవాళ్ళు ఏ కాగితం ముందు పెడితే దానిమీద సంతకం పెడతాడు. రెండో బట్టీ ఆర్పేస్తామంటే సరేనన్నాడు. రేపు మూడోది కూడా అంటారు. మీ తమ్ముడు పని చేసేది దానిమీదే. వాడికి పసిపిల్ల."

"తెలుసు."

"తెలిసి కూడానా?"

"డ్వైట్ ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడనేగా నీ ఏడుపు. పెడితే పెట్టాడు, తన పేరే పెడతాడు."

"ఇది నా చెవిటి చెవికి కూడా వినపడింది."

"నవ్వకు ఆర్విల్. నాలుగొందల మంది కూడు ఇది."

"నాలుగొందల మంది కూడు కోసం ఇంటింటికీ తిరిగినవాడివి, ఒకే మంచం మీద పడుకునేదాన్ని అడగడానికి నోరు రాలేదా?"

"అడిగితే ఏమంటావో నాకు తెలుసు. చర్చిలో శుక్రవారం చేపల భోజనానికి వెళ్ళి ఎవరి పక్కన కూచున్నావు? డ్వైట్ పెళ్ళాం పక్కన. ఆవిడ చేసి తెచ్చిన పియరోగీలు, ఆ బంగాళదుంప కూరిన కుడుములు, లొట్టలేసుకుంటూ తిన్నావు. ఇంకోటి, ఇంకోటి అని పెట్టించుకున్నావు. ఇంటికొచ్చి ఏమన్నావు? డ్వైట్ అంత చెడ్డవాడేం కాదన్నావు."

"కాదు మరి. మా అమ్మ పోయినప్పుడు మంచులో శవపేటిక మోశాడు. పిరికివాడు, అంతే. పిరికివాడు వేరు, చెడ్డవాడు వేరు."

"విన్నావా ఆర్విల్? ఇంట్లో ఇలా ఉంటే నేనేం చెయ్యాలి? ఊరందరి తలుపులూ తట్టాను. తీరా నా ఇంట్లోంచే ఓటు డ్వైట్‌కి పోతే, తలెత్తుకు తిరగగలనా?"

"నీ తల నిలబెట్టుకోడానికి నా తల నువ్వే ఊపేశావు."

"అవును, ఊపాను. నా పేరు పక్కన నేనే గీత గీశాను, కవరు మీద నేనే నీ పేరు రాశాను, నేనే అంటించి పోస్టు చేశాను. కొత్తా ఏమన్నా? పన్ను కాగితాలు, పిల్లల బడి కాగితాలు, అన్నిటిమీదా నీ పేరు నేనే పెడుతూ వచ్చాను. ఏనాడైనా వద్దన్నావా?"

"పన్ను కాగితం మీద ఎవరి చేత్తో పెట్టినా ఒకటే, కట్టే పన్ను తగ్గదు. ఇది అలాంటిది కాదు. ఆ ప్యాకింగ్ లైన్లో నించుని కాళ్ళు వాచినవి నావి. చందా కోసుకున్నది నా జీతంలోంచి. సమ్మె రోజుల్లో నువ్వు వ్యాన్లో కూచుని ఫోన్లు చేస్తుంటే గేటు దగ్గర మంట ముందు నించున్నది నేను. ఈ ఊళ్ళో ఎవరైనా సరే నన్నడిగి తీసుకోవాల్సింది ఏదన్నా ఉందంటే అది ఈ ఓటు ఒక్కటే."

"సిస్టర్, నేను నిన్ను అడగాల్సింది ఒకే ఒక్క ప్రశ్న. అడిగే ముందు రెండు సంగతులు చెప్పాలి, వింటావా?"

"వింటాను."

"నీది కాదన్నావంటే ఈ కవరు విప్పను. చెల్లదని రాసి పక్కన పడేస్తాను. గడువు నిన్నటితో అయిపోయింది కాబట్టి నీకింకో కవరివ్వలేను. నీ ఓటు లేనట్టే."

"రెండోది?"

"ఓట్లు సమానమైతే కుర్చీలో ఉన్నవాడే ఉంటాడు. ఇక్కడి నిబంధన అది. మళ్ళీ డ్వైటే. మూడేళ్ళు."

"మూడేళ్ళు, వాండా. మీ తమ్ముణ్ణి తల్చుకో."

"మా తమ్ముడి పేరెత్తకు. వాడికీ నోరుంది, వాడికీ ఓటుంది. వాడి కవరు కూడా నువ్వే నింపావా ఏం?"

"మొండితనం. ఇది ఉత్త మొండితనం. రేపా బట్టీ ఆరిపోయిందంటే ఊరంతా నిన్నే వేలెత్తి చూపిస్తారు."

"చూపించనీ. వాండా చేసింది అంటారు. ఇన్నేళ్ళూ ఎమిల్ పెళ్ళాం, ఎమిల్ పెళ్ళాం అనే తప్ప నాకో పేరుందని ఎవరికి గుర్తుంది?"

"సరే. సిస్టర్ వాండా, ఈ సంతకం నీదా?"

"కాదు."

"ఆలోచించుకునే చెప్పావా?"

"ఇంకా గట్టిగా చెప్పమంటారా, తలుపవతల వాళ్ళకి కూడా వినపడేట్టు? నాది కాదు. నేను పెట్టలేదు. ఈ కవరు మొహం నేనిప్పుడే చూస్తున్నాను."

"అయితే చెల్లదు. నేను వెళ్ళి వాళ్ళకి చెప్తాను. ఎమిల్, నువ్వు చేసినదానికి యూనియన్ విచారణ ఉంటుంది. నేను విన్నదంతా అక్కడ చెప్పాల్సిందే, తప్పదు. సిస్టర్, కాఫీ అక్కడే ఉంది. తాగుతావో మానతావో నీ ఇష్టం."

"తాగుతాను."

"ఆర్విల్ చెప్పేసినట్టున్నాడు, విను. చప్పట్లు. సంతోషమేనా వాండా? డ్వైట్ గెలిచాడు. నీక్కావలసింది అయింది."

"నాక్కావలసిందా?"

"కాదూ? వాడికి వేద్దామనుకున్నావు. నేను వెయ్యనివ్వలేదని ఇలా కసి తీర్చుకున్నావు."

"వాడికి వేద్దామనుకున్నానని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో చెప్పాలా? ఆ పియరోగీలు, ఆవిడ పక్కన కూచోడాలు..."

"ఆవిడ పక్కన ఎందుకు కూచున్నానో తెలుసా? అటుపక్క మా లైన్లోనే పనిచేసే ఆవిడ చెల్లెలుంది కాబట్టి. చేపలు తినడం అయ్యేలోపు దాన్ని నీవైపు తిప్పాను. కావాలంటే రేపు ప్యాకింగ్ లైనుకెళ్ళి ఒక్కొక్కళ్ళనీ అడుగు, ఎమిల్‌కి వెయ్యండే అని వాళ్ళ వెంట పడిందెవరో."

"వాండా..."

"పని దిగి ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా ఆ పోస్టు డబ్బా మూత ఎత్తి చూసేదాన్ని, రోజూ. నీ పేరు పక్కన గీత నా చేత్తో గీద్దామని."