రెండోసారి చూడని ఎర్ర స్విచ్

మధ్యాహ్నం పన్నెండు. కంపైలర్లు తయారుచేసే ఆఫీసు, రెండో అంతస్తు. తమ్ముడొచ్చి పావుగంటైంది, అక్కకి అతన్ని కూర్చోమనాలన్న సంగతే తట్టలేదు.

"కంపైలర్‌లో తప్పుందని నెలకి ముప్పై మంది నా ప్రాణం తీస్తార్రా. అందులో ఇరవై తొమ్మిది మంది విషయంలో తప్పు వాళ్లదే."

"ఆ ముప్పయ్యోవాడు నేననుకో."

"మిగతా ఇరవై తొమ్మిది మందీ సరిగ్గా ఇదే మాటంటారు."

"అక్కా, ఒక్కసారి ఈ కాగితం చూడు. మా లిఫ్ట్ బోర్డు ప్రోగ్రాం. అందులో ఈ మూడు లైన్లే అసెంబ్లీ భాషలో రాశాను. గుంతలో ఉండే ఎర్ర స్విచ్ నొక్కి ఉందా లేదా అని చూడ్డానికి, అంతే. అది నొక్కి ఉంటే లిఫ్ట్ కదలకూడదు. ఎవరైనా లిఫ్ట్‌ని పిలవగానే ఒకసారి చూడాలి, మోటారు తిప్పబోయే ముందు ఇంకోసారి చూడాలి. మేం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేది మీ కంపైలరే కదా..."

"వొలటైల్ అని పెట్టావా?"

"పెట్టాను."

"అందరూ పెట్టామనే అంటారు. ఆ ఒక్క మాట లేకపోతే కంపైలర్ తన ఇష్టమొచ్చినట్టు కలిపేస్తుంది, అక్కర్లేదనుకుంటే పీకేస్తుంది. ఉంటేనే ముట్టుకోదు."

"తెలుసు. నెత్తిన మొట్టి మరీ నేర్పింది నువ్వే. చూడు, పెట్టానా లేదా?"

"ఊఁ."

"ఊఁ అంటే? ఉందా?"

"ఉందిలేరా, నాకూ కళ్లున్నాయి. అయినా ఆ రోజు గుంతలోకి దిగినప్పుడు మీ బావ స్విచ్ నొక్కలేదు. ఆ సంగతి వదిలేసి ఈ కాగితాలు పట్టుకుని ఎందుకు తిరుగుతావు?"

"బావ నొక్కాననే అంటున్నాడు కదా."

"మూడు వారాల్నుంచీ అదే పాట. నేనూ రోజూ ఆస్పత్రికెళ్లి చెప్తూనే ఉన్నాను. బోర్డులో రికార్డయిందే నిజమండీ, స్విచ్ నొక్కలేదనే ఉంది అందులో, మీరే మర్చిపోయుంటారు, మనిషన్నాక మర్చిపోతాడు అని."

"రోజూ చెప్తున్నావా?"

"మరి? పాదం నుజ్జయి పడున్నాడని ఆయనేమంటే దానికల్లా తందానతాన అనమంటావా? ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే మనసు కుదుటపడుతుందని నా ఏడుపు."

"ఇరవై రెండేళ్లక్కా! స్విచ్ నొక్కకుండా బావ ఒక్కరోజు లిఫ్ట్ గుంతలోకి దిగలేదు. మా కంపెనీ మెకానిక్కుల్లో సగంమందికి అది నేర్పిందే తను. నాలుగింటికి విచారణాధికారి బావ దగ్గరికి వస్తున్నాడు. మర్చిపోయాడని తేలిందా, లైసెన్స్ రద్దు. ఇక జన్మలో లిఫ్ట్ మీద చెయ్యి వెయ్యనివ్వరు."

"ఆ మాట నువ్వు నాకు చెప్పాలా? పడుకుంటే చాలు, అదే కళ్ల ముందు కదుల్తోంది."

"అయితే ఇది విను. నిన్న అలాంటి బోర్డే టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నా. లిఫ్ట్‌ని పిలవడం, ఎర్ర స్విచ్ నొక్కడం, రెండూ ఒకేసారి. ఎనభై సార్లు మోటారు కదల్లేదు. ఎనభై ఒకటోసారి తిరిగింది."

"నీ వేలు జారుంటుంది."

"వేలు స్విచ్ మీదే ఉంది. నొక్కే ఉంది. మోటారు గిర్రున తిరుగుతోంది. రికార్డులో చూస్తే, స్విచ్ నొక్కలేదనే ఉంది. పైనెవరో లిఫ్ట్ బటన్ నొక్కిన క్షణంలోనే కింద బావ స్విచ్ నొక్కి ఉంటాడు. రెండడుగులు దిగింది లిఫ్ట్. పాదానికి ఆ రెండడుగులు చాలవూ?"

"యంత్రం భాషలోకి మారాక వచ్చిన ఫైలేదీ?"

"ఈ పెన్‌డ్రైవ్‌లో ఉంది."

"ఇటివ్వు. కూర్చో. ఇదుగో, ఇక్కడ స్విచ్ చూస్తోంది. ఇదొకటి. ఇది తలుపు. ఇది మోటారు. మరి రెండోసారి చూడాల్సింది ఏదిరా?"

"అదే నేనూ అడుగుతున్నా. ఏదీ?"

"ఆగు."

"లేదక్కా. మొదటిసారి చూసిందే గుర్తుపెట్టుకుని, రెండోసారీ దాన్నే వాడేసుకుంది."

"ఆగరా బాబూ, ఆలోచించుకోనీ! ఆ మూడు లైన్లూ చిన్న ఫంక్షన్‌లో పెట్టావు. ప్రోగ్రాంలో దాన్ని పేరుతో పిలిచిన చోటల్లా కంపైలర్ ఆ లైన్లని కాపీ చేసి పెడుతుంది. కాపీ చేసేటప్పుడు... ఏ వెర్షన్ వాడారు?"

"తొమ్మిది."

"ఎనిమిదితో చేసి చూశావా?"

"చూశాను. ఎనిమిదిలో రెండుసార్లూ చూస్తోంది."

"టీ తాగుతావా?"

"అక్కా."

"పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండవు. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

"తొమ్మిదిలో ఏం మార్చారు?"

"సవాలక్ష మారుస్తాం. ఆ కాపీ చేసే భాగం నత్తనడకలా ఉందని మళ్లీ రాశాం."

"రాశాం అంటే ఎవరు?"

"ఉండు, ఆ పాత ఫైలు తియ్యనీ."

"ఎవరక్కా?"

"నేనేరా. నేనే రాశాను. లైన్లు కాపీ చేశాను, వాటి మీదున్న వొలటైల్ గుర్తు కాపీ చెయ్యడం మర్చిపోయాను. గుర్తు లేకపోయేసరికి తర్వాతి దశ, ఇవి రెండూ ఒకటేగా అని ఒకటి కొట్టేసింది."

"తొమ్మిది బయటికొచ్చి ఏడాదైంది. ఇన్నాళ్లూ ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదా?"

"అదిప్పుడెందుకు?"

"చేశారన్నమాట."

"ఐదు నెలల కిందట ఒకాయన రాశాడు. నీళ్ల పంపుల కంపెనీట. అచ్చం ఇదే."

"నువ్వేమన్నావు?"

"ముందు మీ కోడ్ సరిచూసుకోండి అన్నాను. అని మూసేశాను."

"చూడకుండానే?"

"చూడకుండానే! ఎవరేం చెప్పినా ముందు ఆ మాటే వస్తుంది నా నోటికి. అలవాటైపోయింది. ఆయన మళ్లీ రెండుసార్లు రాశాడురా, బతిమాలుకున్నట్టు. జవాబు కూడా ఇవ్వలేదు. ఆ రోజు పది నిమిషాలు చూసుంటే మీ బావ పాదం..."

"ఊరుకో. ఏడవడం తర్వాత. ముందు సరిచెయ్యి."

"చేస్తున్నా. కాపీ చేసేటప్పుడు గుర్తుని కూడా తీసుకెళ్లు. ఇంతే. రెండు లైన్లు. ఈ రెండు లైన్లకి ఎంత పని జరిగిపోయిందో చూడు. ఊఁ, నీ ఫైలు పెట్టు."

"పెట్టాను. ఇదుగో, ఒకటి. తలుపు... అక్కా, రెండు! మోటారు ముందు రెండోసారి చూస్తోంది!"

"చూస్తోంది."

"ఇక నాకో ఉత్తరం కావాలి. కంపైలర్ తప్పని ఆ కంపైలర్ వాళ్లచేతే రాయించుకురా, బావ కదా అని కథలల్లకు అన్నాడు మా మేనేజరు, పదిమందిలో."

"రాస్తాను. నా పేరు పెట్టి రాస్తాను. ఆ పంపులాయన ఫిర్యాదు కూడా జతచేస్తాను."

"మరి నీ ఉద్యోగం?"

"ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది. ముందు ఆయనకి చెప్పాలిరా. మంచం మీంచి కదల్లేని మనిషిని పట్టుకుని మూడు వారాలు నువ్వే, నువ్వే అని కాల్చుకుతిన్నాను. ఫోన్ నువ్వే కలుపు, నేనీలోగా ఉత్తరం మొదలుపెడతా."

"స్పీకర్‌లో పెట్టాను. మోగుతోంది."

"హలో, ఏవండీ!"

"చెప్పవే. భోంచేశావా?"

"ఏవండీ, నా మాట వినండి. మీరు స్విచ్ నొక్కారు. తప్పు నాది, నా కంపైలర్‌ది. నాలుగింటికి ఆ విచారణాయన వస్తే గట్టిగా చెప్పండి, నొక్కానని..."

"ఆయన పదింటికే వచ్చి వెళ్లిపోయాడుగా."

"వెళ్లిపోయాడా? ఏం చెప్పావు బావా?"

"ఓహో, బావమరిది కూడా అక్కడే ఉన్నాడా! ఒరేయ్, నా కోసం ఇక కాళ్లరిగేలా తిరక్కురా."

"ఆయనకేం చెప్పారండీ?"

"నువ్వు చెప్పిందే చెప్పి సంతకం పెట్టేశాను. నా మీద జాలితో ఇప్పుడు తప్పు నీ నెత్తినేసుకోకే. మొదట్లో నీ మీద కోపమొచ్చేది గానీ, నువ్వు రోజూ చెప్తుంటే కళ్లు మూసుకుని ఆలోచించాను. నాకూ గుర్తొచ్చింది. స్విచ్ దాకా వెళ్లిన చెయ్యి నొక్కకుండానే వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది."