నాలుగో దెబ్బ ఎగ్గొట్టిన ఇంజను

"తాతా, చెక్కభజన ఆడేదానికీ ఇంజను బాగుచేసేదానికీ ఒగే బుర్ర సాలంటావా?"

నువ్వు నమ్మవు మే. ఇంజినీరింగు సదువుతాండావు గదా, నువ్వు అసల్కే నమ్మవు. మీ అవ్వ మీద ఒట్టు, జరిగింది జరిగినట్లే చెప్తాండా.

వేంపల్లె చుట్టుపక్కల ఆయిల్ ఇంజన్లు రిపేరి చేసేదాంట్లో నేనే మొనగాణ్ణి. నేను చెయ్యి పెడితే సచ్చిన ఇంజను లేసి కూసునేది. అట్లాంటి నాకే మీ అవ్వ తమ్ముడు ఓబులేసు బాయికాడి ఇంజను లొంగల్యా. డబ్ డబ్ డబ్ అనేది, నాలుగో దెబ్బ ఎగ్గొట్టేది. నీళ్లు దారం మాదిరి సన్నంగా వచ్చేటియ్యి. బుడ్డల చేను, అదే శెనక్కాయ చేను, మాడిపోతాంది. విప్పినా, బిగిచ్చినా, డీజిలు పోసి కడిగినా... డీజిలు అప్పుడు అగ్గవలే, ఇప్పట్లా కాదు. ఊహూ.

ఓబులేసు ఏం జేస్తాండాడు అనుకున్యావు? గట్టు మింద కూసోని మొగం యాలాడేసినాడు. చేను కోసరం కాదు మే! ఆయప్ప చెక్కభజన గురువు. జమ్మలమడుగు పక్క తిర్నాళ్లలో పందెం ఉండాది, కొత్త అడుగు తట్టల్యాదని ఏడుపు. "నాకీ తట్టల్యా, నీకీ తట్టల్యా బావా" అని నన్ను ఎక్కిరిచ్చడం మళ్ల.

ఉన్నట్టుండి లేసినాడు. డబ్ డబ్ డబ్ అంటే మూడు అడుగులేసి, నాలుగోదానికి కాలెత్తి గాల్లోనే నిలబెట్టినాడు, కొంగ మాదిరి. "దొరికింది బావా!"

నేను ఆ కాలునే చూస్తాండా. పైకి లేసింది, దిగల్యా. లోపల వాల్వు గూడా అంతే గదా, లేసి ఆడనే అంటుకుంటాంది! "నాకీ దొరికిందిరా!"

చూడు, తప్పు ఒగటే. వానికి ఆట కనపడె, నాకు రోగం కనపడె.

పానా ఎత్తుకుంటే చెయ్యి పట్టుకున్యాడు. "తిర్నాళ్ల అయ్యేదాకా ముట్టుకోగాకు బావా, తాళం పోతాది."

"నీ చేను పోతాదిరా ఎర్రోడా!"

తోసేసి, వాల్వు రుద్ది నున్నగ చేసి బిగిచ్చినా. నీళ్లు... అబ్బబ్బ, పెన్నేరు పొర్లినట్లు! చేను తేరుకునె. వాడు మాత్రం మూతి ముడుసుకున్యాడు.

అయినా కాళ్లు మరిచిపోతాయా? గుంపునంతా బాయికాడికి పిల్చి ఆడిచ్చినాడు. అందరూ ఒగేసారి కాలెత్తితే ఏమాయె తెల్సునా? ఇంజను, నేను బాగుచేసిన ఇంజను మే, నాలుగో దెబ్బ ఎగ్గొట్టె! వాళ్ల కాళ్లు దిగేదాకా కాసుకోనుండె. ఆట ఆపితే మళ్ల బాగనే ఆడె. పందెం కొట్టుకొచ్చినారులే, అదేం పెద్ద సంగతి.

నవ్వుతాండావా? ఆ ఇంజను ఇంగా ఆడనే పడుండాది. నీ పుస్తకాలన్నీ మోసుకోని పో. హ్యాండిల్ తిప్పు, కాలెత్తు. అది నీకోసరం ఆగల్యాదనుకో, వచ్చి నా మీసం గొరుగు.