తక్కెడ ముందు బయటికొచ్చింది

అది కాదు రామలింగం, మేనకోడలు ఏ రోజు కాలిందో కూడా తెలియకుండానే కోంటా నుంచి బండి కట్టుకొచ్చావా? నేను చెప్తా విను. పందొమ్మిది వందల ముప్పై ఏడు, ఏప్రిల్ పదకొండు, ఆదివారం, అమావాస్య. తెల్లారితే ఉగాది. పొద్దుటి నుంచీ ఆకాశంలో మబ్బు తునక లేదు. పడమటి గాలి, అదీ పొయ్యి ముందు కూర్చున్నట్టుండే గాలి. సాయంత్రానికి నాలుగు చినుకులు రాలాయి. అప్పటికి కాలాల్సినవన్నీ కాలిపోయాయి. ఈ భోపాల్‌పట్నంలో వానకి కూడా చుట్టాల బుద్ధే, అంతా అయ్యాక పలకరించడానికొస్తుంది.

నిన్ను కాదు నాయనా. కూర్చో.

వాగులు పొంగాయంటావా? పొంగాయి, కాదన్నానా? కాకపోతే అవి పొంగేది వానాకాలంలో కదా. ఏప్రిల్లో, మేలో వాటి ఇసకలో మేకలు పడుకుంటాయి. సరే పోనీ, కార్తీకానికైనా వచ్చావు.

మీ అక్క మామగారు కాశయ్య ఇల్లు నీకు తెలిసిందేగా. ముందు కొట్టు, నడుమ కాపురం, వెనక ఇప్పపువ్వు నిలవ చేసే కొట్టం, అన్నిటి మీదా ఒకటే గడ్డి కప్పు. పెంకులు తెప్పించి పెరట్లో పేర్చి రెండేళ్ళయింది, ఎక్కించడానికి ముహూర్తం కుదరలేదు. చివరికి ఆ ఇంట్లో చెక్కుచెదరకుండా మిగిలినవి ఆ పెంకులే. రాజమండ్రి కాలేజీలో చదివేటప్పుడు మేమున్న ఇంటికీ గడ్డి కప్పే ఉండేది. దాంట్లోంచి తేళ్ళు రాలేవి. ఒకటి సరిగ్గా నా తర్కం పుస్తకంలో పడి... ఏం చెబుతున్నాను? ఆ, మంట.

ఇప్పచెట్ల కింద ఎండాకు కాలుస్తారు చూడు, నేల శుభ్రంగా ఉంటే రాలిన పువ్వు ఏరుకోవచ్చని. ఆ పని ఎవడైనా తెల్లవారుజామున, నేల చల్లగా ఉండగా, గాలి లేకుండా చూసి చేస్తాడు. కాశయ్య కొడుకులకి ఉగాది నాడు పని ముట్టుకోకూడదు, పువ్వు మాత్రం చెత్తలో పడకూడదు. అందుకని ముందు రోజు మిట్టమధ్యాహ్నం, ఆ గాలిలో, ఇంటి వెనక చెట్ల కింద నిప్పు పెట్టించారు. ఆచారం తప్పలేదు. ఇల్లు పోయింది.

ఆ తర్వాత చూడాలి వాళ్ళ చురుకు. పెద్దవాడు తక్కెడ మోసుకొచ్చాడు. వ్యాపారం చేసే ఇంట తక్కెడే కదా లక్ష్మి, దాన్ని కాలనిస్తే తరతరాలు బాగుపడరట. చిన్నవాడు తూనికరాళ్ళు తెచ్చాడు, ఒక్కటీ వదల్లేదు. వాళ్ళమ్మ మంగాదేవమ్మ దేవుడి పెట్టె తెచ్చింది. కాశయ్య తనని తాను తెచ్చుకున్నాడు. నలుగురూ వీధిలో నిలబడి తక్కెడకి దణ్ణం పెట్టుకున్నారు.

హిడ్మే అని, మా పెరటి వెనక గుడిసెలో ఉంటుంది, దోర్ల తెగ మనిషి. ఆ రోజు పువ్వు అమ్ముకుందామని గంపతో కొట్టు ముందు కూర్చునుంది. ఆమె అడిగింది.

"తక్కెడ తెచ్చిండ్రు, రాళ్ళు తెచ్చిండ్రు. పిల్ల ఏది, సావుకారీ?"

పెద్దవాడు అమ్మ దగ్గరుందనుకున్నాడు. అమ్మేమో చిన్నవాడు ఎత్తుకున్నాడనుకుంది. అమ్మా నాన్నా పోయిన పిల్లతో ఉన్న సుఖమే అది, ఎప్పుడూ ఇంకెవరి దగ్గరో ఉంటుంది.

హిడ్మే గంప అక్కడే పడేసి, గోనెసంచి తొట్టినీళ్ళలో ముంచి కప్పుకుని లోపలికి పోయింది. వరలక్ష్మి నడింట్లో నిద్రపోతోంది, ఆరేళ్ళ పిల్ల. బయటికి తెచ్చేసరికి కుడి చెయ్యి చంక నుంచి మోచేతి దాకా, మెడ కింద కొంత... లేదు, మొహానికేం కాలేదు. నువ్వు అదే అడుగుతావని తెలుసు. పుట్టినప్పుడే మీవాడికని అనుకున్నారుగా. మొహం బాగానే ఉంది, ఊపిరి పీల్చుకో.

రాజుగారి ఆసుపత్రి కాంపౌండరు కట్టు కట్టి ఒకటే మాట చెప్పాడు. చెయ్యి ఒంటికి ఆనించి ఉంచితే పుండు మానేటప్పుడు చర్మం అతుక్కుపోతుంది, ఇక జన్మలో పైకి లేవదు, రోజూ లేపించండి అని. లేపితే పిల్ల గోల. పిల్ల గోల పెడితే మంగాదేవమ్మ ఏడుపు. ఇద్దరి ఏడుపుకీ కాశయ్యకి కునుకు లేదు. అంత ప్రేమ కదా, చెయ్యి ముడుచుకునే పడుకోనిచ్చారు. తలదాచుకున్న చుట్టాలింట్లో పుండు వాసనని సణిగారు. దాంతో నాలుగు రోజులు ఉంచుకోమని పిల్లని హిడ్మేకి అప్పజెప్పారు.

మళ్ళీ తెచ్చుకోవడానికి ఎవరూ పోలేదు. ఎలా పోతారు? ఈలోగా పిల్ల హిడ్మే ఇంట జావ తాగింది. దోర్ల కుండలో జావ తాగిన పిల్ల మన వంటింట్లోకి ఎలా వస్తుంది? మంటల్లోంచి ఆ దోర్ల చేతుల్లోనే రావచ్చు, అది ఆపద్ధర్మం. మన దగ్గర ధర్మాలకి కొదవా?

హిడ్మేకి ఏడుపులు పట్టవు. వాసానికి తాడు కట్టి సారపప్పు మూట వేలాడదీసింది. కావాలంటే కుడి చేత్తో అందుకోవాలి, ఎడమ చెయ్యి లేపితే మూట మేకకి. పిల్ల తిట్టింది. దోర్ల మాటల్లో అది ముందు నేర్చుకున్నవి తిట్లే, ఈ అరుగు దాకా వినిపించేవి. అందుకున్న మర్నాడు తాడు బెత్తెడు పైకి పోయేది. సారపప్పు అయ్యాక తునికిపండు, ఆ తర్వాత మామిడికాయ. వానల్లో ఏం కట్టిందో నాకు తెలియదు, తిట్లు మాత్రం ఆగలేదు.

ఇప్పుడెలా ఉందంటావా? పొద్దున నువ్వు బండి దిగగానే చెంబుతో నీళ్ళు తెచ్చిందే ఒక పిల్ల, మోకాళ్ళ పైకి గుడ్డ కట్టుకుని, మెడలో పూసలతో. నువ్వు దోర్ల పిల్లనుకుని వద్దన్నావు. పాపం, చాలాసేపు చెంబు ఎత్తి పట్టుకునే నిలబడింది. ఏ చేత్తో పట్టుకుందో చూశావా? కుడి చేత్తో. భుజం కన్నా పైకి లేచింది.

అవును, అదే వరలక్ష్మి. మీ అక్క ముక్కే దానికి. నీకు తెలియలేదు.

పిలవనా? ఉండు, పిలిచే ముందు తేల్చుకో, తీసుకుపోతావా లేదా? మచ్చ ఇంకా దురద పెడుతుంది, రోజూ ఇప్పనూనె రాయాలి. మెడ కింద చర్మం ఇంకా బిగుస్తోంది. తాడు ఇప్పుడే విప్పితే ఇన్నాళ్ళు లేచిన చెయ్యి మళ్ళీ కిందికి దిగుతుంది. మీ ఇంట్లో వాసాలుంటాయి, అనుమానం లేదు. వాటికి తాడు కట్టి, తిట్లు తినే మనిషి ఉందా?

సరే, నువ్వు అడగలేక గొంతు సవరించుకుంటున్న వాటాల సంగతి నేనే చెబుతా. కాశయ్య భాద్రపదంలో జ్వరంతో పోయాడు. పోయేముందు పెద్దమనుషుల్ని పిలిపించాడు. నన్నూ పిలిచారు, చదువుకున్నవాడొకడు తల ఊపితే అందంగా ఉంటుందని. కొట్టు స్థలమూ వ్యాపారమూ పెద్దవాడికి. ఎడ్లూ బండీ ఉసూర్ సంత బేరమూ చిన్నవాడికి. పెంకులు చెరిసగం. మంగాదేవమ్మకి చెరో ఇంట్లో ఆర్నెల్లు అన్నం. మరి పిల్ల సంగతేమిటని నేనే అడిగాను. ముసలాయన కళ్ళు తెరిచాడు.

"దానికెందుకు పంతులూ? మేనమామ ఉన్నాడుగా."

అదీ సంగతి. ఇక్కడ ఆయన నువ్వున్నావనుకున్నాడు, అక్కడ నువ్వు ఆయన ఉన్నాడనుకున్నావు.

ఏంది, అప్పుడే లేస్తున్నావు? ఎడ్లు మేత కూడా ముగించలేదు. మీవాడికి ఇంకా చిన్నతనమా? నిజమే. ఇంటికెళ్ళి ఆలోచించుకుని కబురు చేస్తావా? చెయ్యి. వాగులు పొంగకముందే చెయ్యి.

మీ ఆవిడ అడుగుతుంది, మిగతాది కూడా విని పో. హిడ్మే వదిలేసిన గంపెడు పువ్వు తూకానికి ముందే కాలింది గనక దానికి పైసా రాదన్నారు, ఆమె రెండోసారి అడగలేదు. వరలక్ష్మికి ఏమీ రాలేదు. వరలక్ష్మిని ఎవరూ వాటాకి అడగలేదు కాబట్టి హిడ్మేకి వచ్చింది. నీకా? నీకేమీ రాలేదు నాయనా. చింతవాగు దగ్గర బండి ఎడమ పక్కకి తోలించు, కుడివైపు బురద.