కాణిపాకం దారిలో కుడి పంపు, ఎడమ పంపు

బావి నుండి వెలసినట్టి బాలగణప!
సత్యమొక్కటే నీముందు సాగి నిలుచు;
దాచవలసిన మాటను దాచలేని
మమ్ము మన్నించి కాపాడు మంగళాంగ!

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు. తిరుపతి నుండి కాణిపాకం పోయే దారి. కారు నడుపుతున్నవాడు యజమాని రంగరాజు. పక్కన అతని డ్రైవరు పెంచలయ్య. వెనుక సీటులో రంగరాజు భార్య వకుళాదేవి.

"విను పెంచలయ్యా, ఆ చప్పుడు విను. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు లేదూ?"

"మిట్ట కదా సామీ. మిట్టలో ఏ బండైనా గొణుగుతాది."

"ఇది గొణుగుడు కాదు, మొత్తుకోవడం. ఈ ఇంజనుకు మేలురకం పెట్రోలే పొయ్యాల, మామూలుది పోస్తే ఇట్లాగే మొత్తుకుంటుందని మద్రాసులో అమ్మిన దొర పదిసార్లు చెప్పినాడు. నీ ముందరే చెప్పినాడు."

"చెప్పినాడు సామీ."

"మరి నువ్వేం పోసినావు?"

"పెట్రోలే సామీ."

"విన్నావా వకుళా? పెట్రోలేనంట! నేనేమన్నా మజ్జిగ పోసినావని అన్నానా?"

"ఏమండీ, అటు చూడండి. ఆ తోటలో మామిడి ఎంత బాగా పూసిందో."

"పూత తర్వాత చూద్దాం. పెంచలయ్యా, బంకులో రెండు పంపులుండాయి. ఎడమది మామూలు, కుడిది మేలురకం. నేను కుడిదానికి డబ్బిచ్చి పంపిస్తే నువ్వు ఎడమదాని దగ్గర నిలబెడుతుండావని ఆ బంకులో పనిచేసే మునికృష్ణ చూసి చెప్పినాడు."

"బంకు మునికృష్ణకు నేనంటే గిట్టదు సామీ."

"ఎందుకు గిట్టదు?"

"వాళ్ళ బామ్మర్ది ఈ బండి మీద కన్నేసినాడు. నన్ను తీసేస్తే ఆ పిల్లోడు ఈడ కూర్చుంటాడు."

"సరే, వాడు అబద్ధాలకోరే అనుకుందాం. ఇంజనుకు కూడా బామ్మర్ది ఉండాడా? అది ఎందుకు మొత్తుకుంటుంది?"

"ప్లగ్గులు మురికి పట్టినాయేమో..."

"నిన్ననే తుడిచినావు. నేను చూస్తుండగానే తుడిచినావు."

"అయితే మసి లోపల..."

"ఏమండీ, నాకు తల పగిలిపోతూ ఉంది. ఇంటికి తిప్పేద్దామా?"

"పొద్దున బాగానే ఉన్నావే! కాణిపాకం పేరెత్తినప్పటి నుండి నీకు తలనొప్పి. దేవుడి దగ్గరికి పోతుంటే తలనొప్పి ఏమిటి?"

"మొక్కుకోవడానికైతే పోవచ్చు. పెట్రోలుకోసం ఒక మనిషిని ఆయన ముందర నిలబెట్టడం..."

"నిలబెట్టేది అక్కడే. తల తడిపి, తడిబట్టలతో ఆ స్వామి ముందర మాట ఇచ్చి తప్పినవాడు బాగుపడడు. కోర్టులో తిరిగే నాలుక అక్కడ తిరగదు. ఈ జిల్లాలో అడుగు, ఎవరైనా చెబుతారు."

"సామీ, ప్రమాణం ఒద్దు సామీ."

"ఎందుకొద్దు?"

"ఒద్దు సామీ. ఉద్యోగం తీసేయండి. పోతాను."

"అంటే దొంగవని ఒప్పుకున్నట్టేనా?"

"మీరు ఎట్లా అనుకున్నా సరే."

"పన్నెండేండ్లు మా ఇంట్లో తిన్నావు కదరా!"

"అందుకే సామీ..."

"అందుకే ఏమిటి?"

"ఏం లేదు సామీ."

"ఏం లేకపోవడమేమిటి? ప్రమాణం చేయకుండా దిగిపోతే, తిరుపతిలో ఏ బండి తాళమూ నీ చేతికి రాకుండా చేస్తాను. దొంగ డ్రైవరని ఇంటింటికీ చెబుతాను. నీ ముగ్గురు బిడ్డల్నీ ఆలోచించుకో."

"వాళ్ళనెందుకండీ మధ్యలోకి తెస్తారు?"

"నువ్వుండు వకుళా. ఆదివారం మొగిలి కనుమలో పలమనేరు ముకుందంతో కార్ల పందెం. రేపో మాపో పెట్రోలుకు రేషను చీటీలు పెడతారంటున్నారు. ఇప్పుడు కాకపోతే మళ్ళీ ఎన్నడూ లేదు. అరవై మైళ్ళు దాటి ఎగరవలసిన బండి నలభై దగ్గర కూర్చుంటుంది!"

"నలభై చాలదా?"

"నీకు చాలు."

"మా అన్నకు కూడా చాలి ఉంటే బాగుండును."

"మళ్ళీ మీ అన్న! ఆ కనుమలో బండితో సహా లోయలో పడి పోయినాడంటే, ఆయనకు ఆ మలుపు తెలియలేదు. నాకు తెలుసు."

"ఆయనా ఆ రోజు ఇదే మాట చెప్పి బయలుదేరినాడు."

"ఏమన్నావు?"

"ఏమీ లేదు. దారి చూడండి."

"పెంచలయ్యా, ఇదే ఆఖరు మాట. కోనేట్లో మునుగుతావా, బండి దిగుతావా?"

"...మునుగుతాను సామీ."

కాణిపాకం. గుడి వాకిట.

"వకుళ ఏదిరా?"

"అమ్మణ్ణి కాళ్ళు కడుక్కోను పోతానని పోయినారు సామీ."

"నువ్వు తల తడిపినావు కదా? రా ఇట్లా."

"సామీ, ఇంకొక్క మాట. మీ సొమ్ము ఒక అణా కూడా నేను తినలేదు. అంతవరకూ ఏ దేవుడి ముందరైనా చెబుతాను. ఏ పంపు అని మాత్రం అడగొద్దండి."

"నేను అడిగేదే అది!"

"అది నా మాట కాదు సామీ. ఇంకొకరికి ఇచ్చిన మాట."

"ఓహో! ఇప్పుడు బయటపడింది. ముకుందం! ముకుందమే కదూ? నా బండిని చంపి పందెం గెలవాలని వాడే నిన్ను పట్టినాడు!"

"అయ్యో, ఆయన ముఖం కూడా నేను చూడలేదు సామీ!"

"మరి ఎవరురా? ఎవరికి ఇచ్చినావు మాట?"

"అది మాత్రం అడగొద్దు సామీ."

"నోరు విప్పు!"

"అయ్యా, గుడిలో కేకలు వేయకండి. హారతి వేళయింది. ప్రమాణం చేసేది ఎవరు?"

"వీడే అర్చకస్వామీ. తడిబట్టలు కనబడలేదా మీకు?"

"కనబడుతున్నాయి. కానీ నాకు ఇద్దరు కనబడుతున్నారే! ఆ స్తంభం పక్కన ఒక అమ్మగారు కూడా తల తడుపుకొని, తడిచీరతో నిలబడి ఉన్నారు. ఆమె మీవారేనా?"

"వకుళా! ఇదేమిటి? తలనొప్పి అని..."

"పెంచలయ్యా, నువ్వు పక్కకు జరుగు నాయనా."

"ఒద్దమ్మణ్ణీ! పోతే నా ఉద్యోగం పోతాది, అంతే కదా. మీరు రావొద్దు."

"ఇన్నాళ్ళు నా మాట మోసినావు, చాలు. ఏమండీ, ఎడమ పంపు దగ్గర నిలబెట్టమన్నది నేను. మిగిలిన డబ్బు ప్రతిసారీ తెచ్చి నా చేతిలోనే పెట్టినాడు. పూజగదిలో ఇత్తడి చెంబులో ఉంది, లెక్క చూసుకోండి."

"నువ్వా? నువ్వు... ఎందుకు చేసినావు వకుళా?"

"మీరు ఇంటికి రావాలని. అర్చకస్వామీ, హారతి వెలిగించండి."

"అమ్మా, జరిగినది ఒప్పుకున్నారు కదా. ఇంక ప్రమాణం ఎందుకు?"

"జరిగినదానికి కాదు స్వామీ, జరగబోయేదానికి. నేను బతికి ఉన్నన్నాళ్ళు మా బండిలో కుడి పంపు పెట్రోలు ఒక్క చుక్క పడనివ్వనని ఈ వినాయకుడి ముందర ప్రమాణం చేస్తున్నాను. ఏమండీ, ఇక్కడ మాట ఇచ్చి తప్పినవాళ్ళు బాగుపడరని దారిలో మీరే చెప్పినారు. మీరు కుడిది పోయిస్తే మాట తప్పినదాన్ని నేనవుతాను. ఆదివారం ఏ పంపు దగ్గర నిలబెడతారో, ఇంక మీ ఇష్టం."

ఈ కథ చెవిని పడ్డ వారందరి బండ్లూ మలుపుల్లో నెమ్మదించుగాక! దారి చూసే కళ్ళు ఉన్న ప్రతి ఇంటికీ, పోయినవారు దీపాల వేళకు క్షేమంగా చేరుకొందురుగాక!