వెనకంతా మసకే

ఏదీ, ఇలా తే, కళ్లజోడు పెట్టుకోనీ. బాగానే తీశావే, నా ముడతలు ఒక్కటీ వదల్లేదు. కానీ వెనక గోడా గుమ్మం ఇంత స్పష్టంగా ఎందుకే? మసక చేయొచ్చటగా ఈ ఫోన్లో? మా మేనమామ చూస్తే నీ చెవి మెలిపెట్టేవాడు. బజార్లో ఫొటో స్టూడియో ఉండేదిలే ఆయనకి. మనిషొక్కటే తేటగా, వెనకంతా మసకగా తీసేవాడు. జనం ఎగబడేవాళ్లు. 'మా పిల్ల మబ్బుల్లో నిలబడ్డట్టుందండీ' అని ఒకావిడ తెగ మురిసిపోయింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అందం కోసం కాదే అది, భయం.

చెప్తా, తొందరెందుకు. మొదట్లో ఆయన తీరే వేరు. 'గోడ మీద చీమ కూడా కనపడాలి నా ఫొటోలో' అని గొప్పలు పోయేవాడు. అప్పుడు నాకు ఐదేళ్లు. మిల్లులో సమ్మె, ముందు నిలబడింది మా నాన్న. యజమాని మనుషులు ఊరంతా గాలిస్తుంటే నాన్న మామయ్య ఇంట్లోనే పై గదిలో దాక్కున్నాడు. 'నాన్నేడే అంటే తెలీదను' అని అమ్మ ముద్ద ముద్దకీ నాచేత వల్లె వేయించేది. నా నోరు జారుతుందనే అందరి భయం. ఒకరోజు కొత్త గౌను వేసుకున్నానని మామయ్య పెరట్లో నిలబెట్టి ఫొటో తీశాడు. నా నవ్వు చూసి పొంగిపోయి, పెద్దది చేసి స్టూడియో అద్దాల్లో పెట్టాడు. చీమని చూపించే మనిషికి, నా వెనక పై కిటికీలో కూతుర్ని చూసుకుంటున్న బావ కనపడలేదు. బజార్లో వాళ్లకి కనపడ్డాడు. సాయంత్రానికి యజమాని మనుషులు వచ్చి నాన్నని తీసుకుపోయారు. నాన్న మళ్లీ రాలేదమ్మా. అమ్మ తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు, అదే ఆయన్ని తినేసింది. ఆ తర్వాత పెళ్లికూతురైనా, పసిగుడ్డైనా వెనకంతా మసకే. అదీ చాలక, తీసేముందు తనే వెళ్లి కిటికీలన్నీ మూసొచ్చేవాడు.

సర్లే గానీ, ఇదేంటే, ఇక్కడ, నా భుజం వెనక తలుపు సందులో? చారల చొక్కా. నీ తమ్ముడు కదూ? ఆ కాంట్రాక్టరు మీద సాక్ష్యం చెప్పేదాకా వీడిక్కడున్నాడని ఎవరికీ తెలియకూడదని నువ్వే కదే నాచేత ఒట్టు వేయించుకున్నావు. ఈ ఫొటో ఎవరికీ పంపలేదుగా? చుట్టాల గ్రూపులోనా? ఎంతమంది చూశారే?

ముందు వెళ్లి ఆ వీధి తలుపు వెయ్యి.